ఆరు తర్వాత

3 జులై 1961, పెనుకొండ

కొత్త నోటుపుస్తకం. పాతదాంట్లో సగం ఖాళీగా మిగిలితే అనసూయ అందులో ఊరగాయల కొలతలు రాసుకుంటోంది. ఈసారి నా భార్యకు ఆ అవకాశం ఇవ్వను.

ఇవాళ ట్రైనింగు స్కూలు తెరిచారు. రెండో సంవత్సరంలో ఇరవై ఇద్దరు ఉన్నారు. బడిపిల్లలకు లెక్కలూ సైన్సూ ఎలా చెప్పాలో వీళ్ళకు నేర్పడం నా పని. పందొమ్మిదేళ్ళుగా అదే పని. ఈ జట్టు మాత్రం వేరు. ఏ పల్లెల్లో టీచర్లు నిలవడం లేదో ఆ పల్లెల నుంచే, ఇంతవరకు బడి ముఖం చూడని ఇళ్ళ నుంచే మనుషుల్ని తెచ్చి టీచర్లను చెయ్యమని పైవాళ్ళ మాట. అందుకే ధర్మవరం మగ్గాల వీధి నుంచి గంగాధర వచ్చాడు. తనకల్లు అవతల నుంచి నల్లమ్మ వచ్చింది. గొర్రెలు కాచుకునే ఇల్లు. కదిరి హాస్టల్లో ఉండి ఎనిమిదో క్లాసు పాసయింది. వాళ్ళ పల్లెలో అంత చదువు చదివిన మొదటి మనిషి, ఆడా మగా కలిపి. అక్కడి బడికి తాళం పడి రెండేళ్ళయింది. ముగ్గురు టీచర్లు పోయి, ముగ్గురూ బదిలీ చేయించుకుని వచ్చేశారు. నల్లమ్మ పాసయితే ఆ తాళం తీస్తుంది. ఆమె ఎక్కడికీ పారిపోదు, ఆమె ఇల్లే అక్కడ.

మొలకల పాఠానికి చిక్కుడు గింజలు పంచమన్నాను. నల్లమ్మ లేచి పంచింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఇంగొగటి, ఎనిమిది..."

ఆపాను. ఒకటి ఎక్కడికి పోయింది, ఏడు ఎక్కడికి పోయింది అని అడిగాను.

"ఒకటి అంటే ఒంటిగా మిగుల్తాది సార్, దానికే లాభం అంటాము. ఇంగ మీరడిగిన ఆ రెండో అంకె, ఆరు తర్వాతది, చేత్తో తాకి అనగూడదు సార్. ఏడ్చమన్నట్ల అవుతాది."

"మరి ఎక్కాల్లో అంటావు కదా?"

"ఎక్కంలో అది ఎవుర్నీ తాకదు సార్. వస్తువు చేత్తో పట్టుకోని అంటే తాకుతాది."

"ఏడు అన్నంతమాత్రాన ఏడుపొస్తుందా నల్లమ్మా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా కొంచెం నవ్వినట్టే ఉంది. మాట బాగా పడింది. వచ్చే ఏడాది జట్టుకు కూడా చెప్పొచ్చు.

5 జులై

ఈ అలవాటుతో బడిలోకి పోతే పిల్లలకూ అదే అంటిస్తుంది. లెక్కల టీచరే అంకెకు భయపడితే ఇక చెప్పేదేముంది? దసరాలోగా మాన్పిస్తాను. ఆమె మంచికే.

11 జులై

వాన లేదు.

20 జులై

రోజూ క్లాసు మొదట్లో ఆమె చేత గులకరాళ్ళు లెక్కపెట్టిస్తున్నాను. ఆరు దగ్గర గొంతు దిగిపోతుంది, ఎనిమిది దగ్గర లేస్తుంది. మధ్యలో పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. మళ్ళీ మొదటి నుంచి అంటాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. విసుక్కోదు. అదొక్కటి మెచ్చుకోవాలి.

క్లాసయ్యాక గంగాధర వెనక వచ్చాడు. "ఆయమ్మను వదిలేయండి సార్. మా ఇంట్లో పోగులు లెక్కబెట్టేటప్పుడు కూడా అట్లే అంటారు" అన్నాడు.

"నువ్వు క్లాసులో ఏడు అంటావు కదయ్యా?"

"ఈడ అంటా సార్. ఇంట్లో అనను."

తెలివైనవాడు. నల్లమ్మకు ఆ తెలివి లేదు. ఇంట్లో ఒక నోరు, బడిలో ఒక నోరు పెట్టుకోవడం చేతకాదు.

19 ఆగస్టు, హిందూపురం

కొత్త కొలతల మీద మూడు రోజుల తరగతి అని మా ఊరికే పంపించారు. శేరు పోయి లీటరు, గజం పోయి మీటరు. తిరిగొచ్చేటప్పుడు ఒక లీటరు డబ్బా ఇచ్చారు, స్కూలుకు. తళతళలాడుతోంది. రైల్వేస్టేషన్లో ఒక పెద్దావిడ దాన్ని పట్టుకుని చూసి, "ఏమప్పా, ఇది శేరు కన్నా పెద్దదా చిన్నదా?" అంది. పెద్దది అన్నాను. "అయితే అమ్మేవాడు ఒప్పుకోడు" అని తిరిగి ఇచ్చేసింది.

8 సెప్టెంబరు

ఇవాళ నల్లమ్మ ప్రాక్టీసు పాఠం. అయిదో క్లాసు, నిష్పత్తి. పుస్తకంలో రైళ్ళూ కూలీలూ ఉంటాయి. ఆమె పుస్తకం మూసేసి పిల్లల్ని ఎండలోకి తీసుకుపోయింది. ఎవరి నీడను వాళ్ళే పాదాలతో కొలుచుకోమంది. తన చేతికర్రను నిలబెట్టి కర్ర ఎంత, దాని నీడ ఎంత అని అడిగింది. తర్వాత జెండా కర్ర నీడను కొలిపించి, ఎక్కకుండా దాని ఎత్తు చెప్పమంది. చెప్పారు! డ్రిల్లు మాస్టరు తాడు కట్టి కొలిస్తే నాలుగు అంగుళాలు తేడా. పిల్లలు గంతులేశారు.

"ఇది ఎవరు నేర్పారు?" అని అడిగాను.

"గొర్లకాడ గడియారం యాడ ఉంటాది సార్? మేము పొద్దును నీడతోనే కొలిచేది. ఇన్ని అడుగులకు వస్తే మందను ఇంటికి తిప్పల్ల అని మా నాయన లెక్క."

అడుగులు లెక్కపెట్టేటప్పుడు ఏడో అడుగు దగ్గర తను నోరు మూసుకుని పిల్లల చేత అనిపించింది, గడుసుది. నేను చూడలేదనుకుంది.

పందొమ్మిదేళ్ళలో నేను ఒక్కసారి కూడా అలాంటి పాఠం చెప్పలేదు. రాసుకుంటే తప్పేముంది, ఇది నా పుస్తకమే. ఆమెతో మాత్రం, నల్లబల్ల మీద రాత వంకరగా పోతోంది, సరిచేసుకో అన్నాను. మెచ్చుకుంటే చెడిపోతారు.

13 అక్టోబరు

దసరా సెలవులు. అందరికీ ఇంటిపని ఇచ్చాను. నల్లమ్మకు వేరే పని. ఇంటి దగ్గర రోజూ సాయంత్రం దొడ్డిలోకి గొర్రెలు పోయేటప్పుడు గట్టిగా లెక్కపెట్టాలి. ఒక్కోదాని వీపు చేత్తో తాకి, ఒకటి నుంచి, ఏడు మింగకుండా.

"ఎన్ని గొర్రెలు మీకు?"

"నలభై మూడు సార్."

"అయితే ఏడు, పదిహేడు, ఇరవై ఏడు, ముప్ఫై ఏడు. నాలుగుసార్లు వస్తుంది. పది రోజులకు నలభై సార్లు. తిరిగొచ్చేసరికి భయం పోతుంది."

"మా నాయన ఆడే ఉంటాడు సార్" అంది.

"ఆయనకూ లెక్కలు వస్తాయిలే, దాంట్లో ఏముంది" అన్నాను.

"అట్లే సార్" అంది.

30 అక్టోబరు

నల్లమ్మ మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. గులకరాళ్ళు ముందు పెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఆగకుండా అనేసింది! ముఖంలో ఏమీ లేదు. గొంతు చిన్నగా ఉంది కానీ అది సిగ్గు. చూశావా, భయం పోవాలంటే అదే దారి అని క్లాసుకు చెప్పాను. గంగాధర కిటికీలోంచి కొండకేసి చూస్తున్నాడు.

నేను గెలిచాను.

14 నవంబరు

నల్లమ్మ సాయంత్రం నా గది గుమ్మం దగ్గరికి వచ్చి "సార్, ఒక మాట" అంది. హాజరు పట్టీ ముందేసుకుని ఉన్నాను. రేపు చెప్పు అన్నాను.

15 నవంబరు

రాలేదు. మరిచిపోయి ఉంటుంది.

12 జనవరి 1962

ఆడపిల్లల హాస్టలు చూసే సరోజమ్మ చెప్పింది, నల్లమ్మ దసరా తర్వాత ఇంటికే పోలేదట. ఇంటి నుంచి ఎవరూ రాలేదట. ఆదివారాలు కూడా పుస్తకం పట్టుకుని కూర్చుంటోందట. మంచిదే. చదువు మీద మనసు పడింది.

20 మార్చి

ఎల్లుండి ప్రాక్టికల్ పరీక్ష. ఇన్స్పెక్టరు వస్తున్నాడు. ఒక్కొక్కరికి పాఠం నేనే ఎంచి ఇవ్వాలి. నల్లమ్మకు కొత్త కొలతల పాఠం ఇచ్చాను, నాలుగో క్లాసుకు. పెద్ద బకెట్లోకి లీటరు డబ్బాతో ఇసుక కొలిచి పొయ్యాలి. బకెట్టుకు తొమ్మిది లీటర్లు పడతాయి. కావాలనే ఆ బకెట్టు ఎంచాను. ఏడు మీదుగానే పోవాలి మరి. ఒక గొర్రెల కాపరి ఇంటి పిల్లను ఎంత దూరం తెచ్చానో ఇన్స్పెక్టరుకు కనపడాలి.

"పిల్లల చేత అనిపించడం లాంటి గడుసుతనాలు వద్దు. నీ నోటితో నువ్వే లెక్కపెట్టాలి" అన్నాను.

"నీడ పాఠం చెప్పేదా సార్? అది బాగా వస్తాది నాకు."

వద్దన్నాను.

22 మార్చి

పరీక్షలు అయిపోయాయి. ఎండ ఎక్కువగా ఉంది.

24 మార్చి

జరిగింది జరిగినట్టు రాసుకోవడం మంచిది.

నల్లమ్మ బాగానే మొదలుపెట్టింది. లీటరు గురించి చెప్పింది, పిల్లలు విన్నారు. ఒకటి, రెండు అని ఇసుక పోస్తూ ఆరు దాకా వచ్చింది. ఏడో డబ్బా నింపి, చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. పెదవులు కదిలాయి. ఇసుక అంచుల నుంచి కారుతోంది. పిల్లలు టీచరు మరిచిపోయిందనుకున్నారు. సాయం చేద్దామని ఒకరు "ఏడు" అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. చివరికి నలభై మందీ బల్లలు చరుస్తూ "ఏడు! ఏడు! ఏడు!" అని అరవసాగారు. నల్లమ్మ ఏడ్చింది. పిల్లల ముందు, డబ్బా చేతిలో పట్టుకునే.

ఇన్స్పెక్టరు నవ్వాడు. "పిల్లలు చెప్పినట్టే చేస్తోంది, క్రమశిక్షణ గల టీచరు" అని హాస్యమాడాడు. మార్కులు ఆయన వేశాడు. నేను సంతకం పెట్టాను. రెండో సంతకం లేకపోతే ఆ కాగితం చెల్లదు.

నేను చెయ్యగలిగింది చేశాను. అక్టోబరులో అనగలిగింది కదా, మరి మార్చిలో ఎందుకు అనలేకపోయింది? అది నా తప్పు కాదు.

25 మార్చి

అది నా తప్పు కాదు.

3 ఏప్రిల్

ఒక చిన్న సంగతి మొన్న రాయలేదు. ఇన్స్పెక్టరు నవ్వినప్పుడు నేను కూడా నవ్వాను. పై అధికారి నవ్వితే పక్కనున్నవాడు నవ్వడం మర్యాద. ఎవరైనా అంతే చేస్తారు.

9 మే

ఫలితాలు వచ్చాయి. ఇరవై ఇద్దరిలో ఇరవై ఒక్కరు పాసయ్యారు. నల్లమ్మ రాత పరీక్షల్లో అందరికంటే పైన ఉంది, లెక్కల్లో నూటికి తొంభై ఆరు. పాఠం చెప్పే పరీక్షలో పోయింది. సెప్టెంబరులో మళ్ళీ రావచ్చు. ఉత్తరం రాశాను. జవాబు వస్తుందిలే.

11 మే

పొద్దున వాకిట్లో కూర్చుని పేపరు చదువుతున్నాను. అనసూయ వడియాలకు బియ్యం కొలుస్తోంది. ఎందుకో ఇవాళ చెవిన పడింది.

"లాభం... రెండు... మూడు..."

పేపరు దించాను. నాలుగు, అయిదు, ఆరు అంది. తర్వాత "ఇంకొకటి" అంది. తర్వాత ఎనిమిది.

"ఏమన్నావు?" అన్నాను.

"ఏమన్నాను? బియ్యం కొలుస్తాండా."

"ఎప్పటి నుంచి ఇలా అంటున్నావు?"

"ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి. మీ అమ్మే నేర్పించింది కదా. మా పుట్టింట్లో ఒకటికే లాభం అనేవాళ్ళు, ఈడికి వచ్చినాక ఆరు తర్వాతది కూడా మానిపించింది. ఇరవై ఏండ్లుగా మీరు పక్కన కూర్చోనే పేపరు చదువుతాండారు, ఒగసారి కూడా వినలేదా?"

వినలేదు. రోజూ విన్నాను, ఒక్కసారి కూడా వినలేదు. నేను తిన్న అన్నమంతా ఆ లెక్కతో కొలిచిందే. మా అమ్మ, హిందూపురంలో, నాకు మొదటి అంకెలు నేర్పిన మనిషి.

అనసూయకు నల్లమ్మ సంగతి చెప్పాను, మొదటిసారి. మిగతా బియ్యం నోరు మూసుకుని కొలిచింది. దానికన్నా తిట్టి ఉంటే బాగుండేది.

30 మే

ఉత్తరానికి జవాబు లేదు.

24 జూన్

గంగాధర వచ్చాడు. ఉద్యోగం వచ్చింది. ఎక్కడికి వేశారంటే నల్లమ్మ వాళ్ళ పల్లెకే. బడి తాళం తీసింది అతనే. పదకొండు రోజులు ఉన్నాడు. ధర్మవరానికి బదిలీ కావాలి, పైవాళ్ళకు ఒక మాట చెప్పండి అని అడగడానికి వచ్చాడు.

"మంచినీళ్ళకు రెండు మైళ్ళు పోవల్ల సార్. నేను మగ్గం ఇంటివాణ్ణి, ఆ ఎండకు తట్టుకోలేను. నిజం చెప్తాండా, నాతో కాదు."

నాలుగో టీచరు. నేను తయారుచేసినవాడు. కోప్పడాలనుకున్నాను. నల్లమ్మ కనపడిందా అని అడిగాను.

గంగాధర చెప్పుల వైపు చూస్తూ చెప్పాడు.

"మీకు తెలీదా సార్? క్లాసులో మాకందరికీ తెలుసు. దసరాకు మీరు ఇంటిపని ఇచ్చినారు కదా. ఆయమ్మ పోయి రోజూ దొడ్డికాడ గట్టిగా లెక్కబెట్టింది. వాళ్ళ నాయన వద్దన్నాడు. మా సార్ చెప్పినాడు నాయనా, ఉట్టి అంకే, ఏమీ కాదు అని చెప్పిందంట. ఎనిమిదో దినం గొర్లకు బొబ్బరోగం తగులుకునింది. వారంలో సగం మంద పాయె. అది పాకి ఊర్లో అందరి మందలూ పాయె. నెల తిరిగేలోపల అంతా అయిపాయె. మీతో చెప్పల్లని ఒగసారి మీ రూముకాడికి వచ్చింది. మీరు రేపు రమ్మన్నారంట."

"మర్నాడు వచ్చి ఉండొచ్చు కదా?"

"అదే మేమూ అంటిమి. సార్ నవ్వుతాడు, నవ్వితే నేను తట్టుకోలేను అనింది."

25 జూన్

నవంబరు 14వ తేదీ కాగితం తీసి చూశాను. మూడు వాక్యాలు.

1 జులై

నిన్న తెల్లవారి బస్సుకు కదిరి పోయి, అక్కడి నుంచి తనకల్లు పోయి, రెండు మైళ్ళు నడిచాను. బడి కనిపించింది, తాళం వేసి ఉంది. గోడ మీద గంగాధర రాసిన ఎక్కాలు ఇంకా చెరగలేదు.

నల్లమ్మ తండ్రి దేవప్ప వాకిట్లో తాడు పేనుతున్నాడు. నేనెవరో చెప్పాను. లేచి చాప పరిచాడు, మజ్జిగ తెప్పించాడు. నేను ఊహించిన తిట్లు ఒక్కటీ తిట్టలేదు. అడక్కుండానే రోగం గురించి నేనే మొదలుపెట్టాను. అది కంటికి కనపడని క్రిమి వల్ల వస్తుంది, మాటతో రాదు, గాలితో, పక్క మందతో పాకుతుంది అని పాఠం చెప్పినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అట్లనా సార్. మీరు చదువుకున్నోళ్ళు, అట్లే ఉంటాది. ఆ పురుగు ఇన్నేండ్లు రాకుండా, ఆ యమ్మి ఆ మాట అన్న వారానికే ఎందుకొచ్చె? అదొగటి చెప్పండి."

యాదృచ్ఛికం అనే మాటకు ఆ వాకిట్లో పనికొచ్చే అర్థం నాకు తట్టలేదు.

"నేను నా బిడ్డను అనను సార్. ఊరు అంటాది. అందరి గొర్లూ పోయినాయి కదా. దాని నీడ పడితే పక్కకు పోతారు."

పొద్దు దిగుతుండగా నల్లమ్మ వచ్చింది, గొర్రెలను తోలుకుని. చిక్కిపోయింది. నన్ను చూసి కర్ర గోడకు ఆనించి, కొంగు సర్దుకుని, క్లాసులో లాగే నిలబడింది.

"బాగుండారా సార్? ఇంత దూరం ఎందుకు వచ్చినారు, ఉత్తరం రాస్తే సాలదా?"

"రాశాను కదా."

"వచ్చింది సార్. చదివినా."

సెప్టెంబరు పరీక్ష గురించి చెప్పాను. నీడ పాఠమే ఇస్తాను, ఎవరు వద్దన్నా అదే ఇస్తాను అన్నాను. ఆ పాఠం నేను పందొమ్మిదేళ్ళలో చెప్పలేకపోయిన పాఠం అని, ఆ రోజు చెప్పవలసిన మాట నిన్న చెప్పాను. ఆమె కళ్ళు ఒక్క క్షణం మెరిశాయి. అది చూడకుండా ఉంటే బాగుండేది.

"పరీక్షకు వస్తా, పాసవుతా. ఆమేల ఏమైతాది? ఈ బడికే వేస్తారు నన్ను. ఎవురు పంపిస్తారు సార్ బిడ్డల్ని నాకాడికి? రోగంతోనే గొర్లు పోయినాయని నాకు తెలుసు. మీ సైన్సు పాఠం మరిచిపోలేదు. ఊరికి అది చెప్పల్లంటే నేను టీచరు కావల్ల. టీచరు కావల్లంటే ఊరు నన్ను నమ్మల్ల. యాడ మొదలుపెట్టేది సార్?"

ఇరవై ఏళ్ళుగా ఎలా మొదలుపెట్టాలో నేర్పే మనిషిని.

"వేరే ఊరికి వేయిస్తాను" అన్నాను.

"వేరే ఊరికి టీచర్లు దొరుకుతారు సార్. ఈడికి దొరకరనే కదా మీరు నన్ను తీసుకునింది."

అప్పుడు అడిగాను. అడగడానికే పోయాను. "ఆ రోజు ఇన్స్పెక్టరు నవ్వినప్పుడు నేను కూడా నవ్వాను నల్లమ్మా. నన్ను క్షమించు."

ఆమె ముఖం కొంచెం వాల్చింది. కోపం లేదు. తప్పు లెక్కను సరిదిద్దేటప్పుడు టీచరు గొంతు ఎంత మెత్తగా ఉండాలని నేను నేర్పానో అంత మెత్తగా అంది.

"ఆయప్ప మొదట నవ్వలేదు సార్. ఆయప్ప నాకు నీళ్ళియ్యమని చెప్తాండె. పిల్లలు చెప్పినట్టే చేస్తోంది, క్రమశిక్షణ గల టీచరు అన్నది మీరు. మీరు అన్నాక ఆయప్ప నవ్వినాడు."

పొద్దు కుంకుతోందని దేవప్ప కేకేశాడు. ఆమె దొడ్డి తడిక తీసింది. ఒక్కో గొర్రె వీపు చేత్తో తాకి లోపలికి పంపింది. లాభం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు.

నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, తర్వాత ఏమంటుందోనని. తడిక మూసేసింది.

"ఆరే మిగిలినాయి సార్. ఇంగ ఆ మాటతో మాకు పని లేదు."

2 జులై

మార్చి 24వ తేదీ కాగితం తీశాను. ఇన్స్పెక్టరు హాస్యమాడాడని ఉంది. నా చేతిరాతే. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరికోసం అబద్ధం రాశాను? కొట్టెయ్యలేదు. అలాగే ఉండనీ.

4 జులై

జరిగిందంతా రాసి పైకి పంపాను. ఆ పాఠం ఎంచింది నేను, నవ్వించింది నేను, నల్లమ్మ మార్కులు మళ్ళీ చూడండి అని. గుమాస్తా చదివి, "సెప్టెంబరులో రమ్మనండి సార్, దానికింత ఉత్తరం ఎందుకు?" అన్నాడు.

9 జులై

కొత్త జట్టు వచ్చింది. ఇరవై అయిదుగురు. మొలకల పాఠం. చిక్కుడు గింజలు పంచడానికి నల్లచెరువు నుంచి వచ్చిన పిల్ల లేచింది. "లాభం" అంది.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గది మొత్తం నా ముఖం కేసి చూసింది, నవ్వొచ్చా కూడదా అని. అందరూ, ఒకేసారి. పోయిన ఏడాది కూడా ఇలాగే చూసి ఉంటారు. నేను గమనించలేదు, నా మాట ఎంత బాగా పడుతుందో అని చూసుకుంటూ ఉన్నాను.

"సరిగ్గానే లెక్కపెడుతోంది, వినండి" అన్నాను. విన్నారు. ఇంత సులువైన పని. ఇది చేసి ఉంటే తనకల్లు అవతల ఇవాళ ఒక బడి తెరిచి ఉండేది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అనసూయ బస్తా బియ్యం డబ్బాలోకి కొలిచి పోస్తోంది. నేను పోస్తానని చెంబు తీసుకున్నాను. వింతగా చూసింది కానీ ఇచ్చింది.

లాభం అన్నాను. నా గొంతులో అది మా అమ్మ గొంతులా వినపడింది. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. తర్వాతి చెంబు నింపి చేత్తో పట్టుకున్నాను. ఇంకొకటి అనడానికి నాకు హక్కు లేదనిపించింది. అసలు అంకే అనబోయాను. ఇరవై ఏళ్ళుగా రోజూ అన్న అంకె. పెదవులు కదిలాయి.

"చెప్పండి, ఎంత?" అంది అనసూయ.

అంకె రాలేదు. ఏడుపు వచ్చింది.